రవ్వమందు పంచిన మనిషి

ఆమె పేరు ఇక్కడ రాయకూడదట. మందు పరీక్షలో చేరిన మనిషి పేరు ఎక్కడా బయటపెట్టనని ఉద్యోగంలో చేరిన రోజే నాతో సంతకం పెట్టించుకున్నారు. కంపెనీ పేరు కూడా చెప్పకూడదట. సరే, చెప్పను. ఆ రెండు పేర్లు తప్ప మిగతాదంతా నాదే కదా. ఆమె ఎలా కూర్చునేదో, ఎవరి మీద ఎలా అరిచేదో, ఏమని నవ్వించేదో రాయకూడదని ఏ సంతకమూ నన్ను ఆపలేదు. అదంతా రాస్తాను. ఒళ్లు మండి రాస్తున్నాను కాబట్టి మాట మెత్తగా లేదని ఎవరూ నన్ను తప్పుపట్టొద్దు.

మొన్న పొద్దున వికారాబాద్‌లో మా ఇంట్లో బియ్యం కడుగుతుంటే ఫోన్ మోగింది. తెరమీద ఆమె పేరే. ఎత్తగానే, "ఏం పెద్దమ్మా, ఇన్నాళ్లకు యాదికొచ్చిన్నా?" అన్నాను. అవతల గొంతు ఆమెది కాదు.

"నేను బిడ్డా, దాని యారాలిని. మా అక్క పోయింది. దాని ఫోన్ల నీ నంబరుండె, అందుకే జేసిన" అంది.

యారాలంటే తోటికోడలు. మా దిక్కు మాట అది. ఆ ఇద్దరూ ఒకే గోడకు అటూ ఇటూ కాపురాలు చేస్తూ ఏళ్ల తరబడి మాట్లాడుకోలేదు. అత్త పోయినప్పుడు పాస్టరును పిలవాలని పెద్దామె, పాత పద్ధతిలోనే సాగనంపాలని చిన్నామె శవం ముందే కొట్లాడుకున్నారట. అంతే, అప్పటి నుంచి పలుకు లేదు. అలాంటి మనిషి నోట "మా అక్క" అనే మాట వినేసరికి, చేతిలో బియ్యం గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

నేను ఆమెను మొదటిసారి చూసింది తాండూరులో ఒక ఆసుపత్రి వరండాలో. అక్కడ షుగరు పుండ్లకు కొత్త మందు పరీక్ష జరుగుతుండేది. డాక్టరు గారు కాలు చూసేవారు, నర్సు కట్టు కట్టేది, మనుషుల్ని పిలవడం, వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం, మందు ఇవ్వడం, వాళ్ల ఇళ్లకు వెళ్లి చూసి రావడం, ఆ చాకిరీ అంతా నాది. వికారాబాద్‌లో పొద్దుటి రైలు ఎక్కి తాండూరులో దిగేదాన్ని. జీతం మాట ఎలా ఉన్నా, ఆ మందు మీద నాకు నమ్మకం ఉండేది. ఇప్పటికీ ఉంది. నా కోపం మందు మీద కాదు.

ఆ మందు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. చర్మాన్ని మళ్లీ అల్లుకొమ్మని చెప్పే ప్రోటీను ఒకటి మన ఒంట్లోనే ఉంటుంది. షుగరు ముదిరినవాళ్ల పుండులో అది చాలదు. పోనీ బయటి నుంచి తెచ్చి పోద్దామంటే పుండులోని రసి దాన్ని గంటల్లో కరిగించి తినేస్తుంది. అందుకని దాన్ని కంటికి ఆనీ ఆనని గుండ్లలోకి ఎక్కిస్తారు. చేప తోలు నుంచి తీసిన జిగురుతో చేసిన గుండ్లు అవి. పొడిగా ఉన్నప్పుడు సన్న రవ్వలా ఉంటాయి. పుండు మీద చల్లితే తడి పీల్చుకుని ఉబ్బి, కొన్ని రోజులపాటు మెల్లగా కరుగుతూ, లోపలిదాన్ని కొంచెం కొంచెంగా వదులుతాయి. ఇదే సంగతి నేను ఆమెకు చెప్పినప్పుడు ఆమె బుగ్గన చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా విన్నది.

"అంటె ఒక్కపారి ఇయ్యదన్నట్టు. జర జర ఇస్తది. అచ్చం మా రేషన్ డీలర్ తీర్గ" అంది.

నర్సు పకపకా నవ్వింది. నేనూ ఆపుకోలేకపోయాను.

"చేప తోలంటివి, మా కోట్‌పల్లి చెరువు చేపనేనా?"

"ఏ చెరువో నాకెట్ల ఎర్క పెద్దమ్మా?"

"తెలుసుకో మరి. మా చెరువుదైతె దాని మీద నాకు హక్కుంటది."

ఆమెది కోట్‌పల్లి దిక్కు ఊరు. మొగుడు లేడు. తాండూరులో నాపబండలు పాలిషు చేసే కార్ఖానాలో పని. అక్కడ మిషను కింద నీళ్లు ఎప్పుడూ పారుతుంటాయి. బండ పిండి కలిసిన తెల్లటి బురదలో పొద్దంతా కాళ్లు నానుతాయి. ఒకరోజు బండ పెచ్చు మడమలో దిగింది. దిగినట్టు ఆమెకు తెలియదు. షుగరుతో కాళ్లు మొద్దుబారిపోయాయి కదా, సాయంత్రం నెత్తురు చూసిన పక్క మనిషి కేకేస్తే తెలిసిందట.

"నా కాలు నాతోని మాట్లాడక మస్తు దినాలాయె బిడ్డా. మా యారాలు తీర్గనే" అనేది.

ఆ యారాలు కూడా ఆ మొదటిరోజే వచ్చింది. ఒకే బస్సు దిగారు ఇద్దరూ. ఒకే బెంచీ మీద ఈ కొస ఆమె, ఆ కొస ఈమె. చిన్నామెకు కందికొయ్య గుచ్చుకుని బొటనవేలి కింద పుండు పడింది. చేను కోసిన తర్వాత మిగిలే మోడు అది, చెప్పును కూడా చీల్చుకుని దిగుతుంది. పెద్దామె పుండుతో పోలిస్తే చిన్నదే, కానీ ఆమె షుగరు బాగా ఎక్కువ ఉంది. పరీక్షలో చేర్చుకోవడానికి కంపెనీ ఒక హద్దు పెట్టింది. చిన్నామె ఆ హద్దు దాటింది. డాక్టరు గారు పెద్దామెను తీసుకొమ్మని, చిన్నామెకు మామూలు మాత్రలు రాసి పంపెయ్యమని చెప్పి లోపలికి వెళ్లిపోయారు.

నేను ఆ మాట చెప్పగానే పెద్దామె లేచి నిలబడింది.

"దాని కాలు కాలు గాదా?"

"షుగర్ ఎక్కువుంది పెద్దమ్మా, రూల్ ఒప్పుకోదు."

"షుగర్ ఎక్కువున్నోల్లకే గదా మందు గావాల్సింది? కడుపు నిండినోల్లకు పిలిచి అన్నం బెడ్తరా మీరు?"

"నేను పెట్టిన రూల్ కాదు."

"మరి పెట్టినోన్ని పిలువు. నేను మాట్లాడ్త."

చిన్నామె ఆ కొసన తలొంచుకుని చీర కుచ్చిళ్లు సరిచేసుకుంటూ కూర్చుంది. తన కోసం ఇంత రభస చేస్తున్న మనిషి వైపు కన్నెత్తి చూడలేదు. ఈమె కూడా ఆమె వైపు చూడకుండానే అరిచింది. వీళ్లది ఏం వైరమో, ఏం వావో నాకు అప్పుడు తలకెక్కలేదు.

చేరే ముందు చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. పరీక్షలో కొందరికి మందు ఎక్కించిన గుండ్లు ఇస్తారు, కొందరికి ఏ మందూ లేని ఉత్త గుండ్లు ఇస్తారు. ఎవరికి ఏది పడిందో నాకు తెలియదు, డాక్టరు గారికి తెలియదు. అంతా ముగిశాకే తెలుస్తుంది. అప్పుడు ఉత్త గుండ్లు పడ్డవాళ్లందరినీ మళ్లీ పిలిచి అసలు మందు ఉచితంగా ఇస్తారు. ఇదంతా చదివి వినిపించాను.

"ఉత్తదిచ్చి నయమైందా అని అడుగుతరా? గమ్మతున్నరు గదనే మీరు!" అంది. మళ్లీ తనే, "కానియ్యి. ఆఖరికైతె అసలుది చేతికొస్తది గదా. గా మాట మీద నిలబడాలె మల్ల" అని వేలు చూపించి బెదిరించింది.

నిలబడతాం అన్నాను. కంపెనీ అలాగే చెప్పమంది, నేను అలాగే చెప్పాను.

ఆమెలో నాకు ముందు కళ్లకు కట్టేది ఆమె చేతులు. ఏ వస్తువు చేతికొచ్చినా రెండు చేసేది. బిస్కెట్టు విరిచి సగం పక్కవాళ్లకు. చాయ్ గ్లాసులో కొంత ఉంచుకుని మిగతాది మూతలో పోసి నర్సుకు. అరటిపండు తొక్క తీయకుండానే మధ్యకు తుంచేది, అదెలా తుంచేదో నాకు ఇప్పటికీ రాదు. సేడం వైపు నుంచి వచ్చిన ఒక కన్నడ ముసలమ్మ ఉండేది. ఆమెకు తెలుగు రాదు, ఈమెకు కన్నడం అంతంత మాత్రం. ఆ ముసలమ్మ వద్దు వద్దంటున్నా, తీసుకొమ్మని "తగో, తగో" అంటూ ఒళ్లో సగం పండు పెట్టి, ఇక అటు చూడకుండా తన సగం తినేది. పెట్టడంలో బతిమాలడం ఉండేది కాదు. తీసుకోకపోతే కొట్టేలా ఉండేది.

"షుగర్ మనిషివి, అరటిపండ్లు తింటవా?" అని నేను కోప్పడితే, "సగమే గదనే తిన్నది!" అని నా మీదే అరిచేది.

నాకూ ఆమెకూ ఒక్కటే పెద్ద తగువు. పుండు మానాలంటే కాలు కింద పెట్టకూడదు, తడి తగలకూడదు. ఆమె సరేననేది. వారం తిరిగి వచ్చేసరికి గోళ్ల సందుల్లో తెల్లటి బండపిండి ఎండి ఉండేది. చూడగానే నా ఒళ్లు భగ్గుమనేది.

"మల్ల కార్ఖానాకు పోయినవ్."

"పోలే."

"గోళ్లల్ల ఏంది మరి? పౌడరా?"

"రెండు దినాలే పోయిన. ప్లాస్టిక్ కవర్ గట్టుకొనే పోయిన. ఊకె కొట్లాడకు, కొత్తగొచ్చిన కోడల్ని సతాయించినట్టు సతాయిస్తున్నవ్."

ఇంట్లో ఇంకో సంపాదన లేని మనిషిని పనికి పోవద్దని నేను ఏ నోటితో గట్టిగా చెప్పాలి? అయినా చెప్పేదాన్ని. ఆమె అరిచేది, నేను అరిచేదాన్ని. నర్సు మా ఇద్దరినీ చూసి తలుపు వేసేసేది. కట్టు అయ్యాక ఇంట్లో చల్లుకోవడానికి ఒక చిన్న సీసా ఇచ్చేదాన్ని. వారంలో ఒక కట్టు ఆసుపత్రిలో, ఒకటి ఇంట్లో, అదీ పద్ధతి. సీసాను కొంగున ముడేసుకుని, తిట్టుకుంటూ బస్సుకు పోయేది.

ఇళ్లకు వెళ్లి చూడటం నా పనుల్లో ఒకటి అన్నాను కదా. ఒకసారి ఆమె ఊరు వెళ్లాను. కందులు పూతకొచ్చిన రోజులు, దారంతా పసుపు. నేను ఆటో దిగి వాకిట్లోకి వచ్చేసరికి ఆమె నాకు వీపు పెట్టి నడిమి గోడ దగ్గర నిలబడి ఉంది. గోడ మీద ఒక కాగితం పొట్లం పెట్టింది. పక్కన మేక కట్టేసి ఉంది. దానితో గట్టిగా మాట్లాడుతోంది.

"ఓ మేకా! ఉప్పునీళ్లతోని కడిగినంకనే సల్లుకోవాలెనట. పోయినపారి కడగకుంటనే సల్లుకున్నరు కొందరు. చెవులున్నోల్లకు చెప్పు. మాత్రలు మరవద్దని చెప్పు. చేన్లకు పోతె కాళ్లిరగ్గొడ్తనని చెప్పు."

గోడ అవతల నుంచి ఇంకో గొంతు పలికింది. "ఓ కోడీ! మాకెర్కనేనని చెప్పు. మస్తు చెప్పొచ్చిండ్రు."

గోడ మీదికి ఒక చెయ్యి లేచింది. పొట్లం పోయింది.

నాకు నవ్వు ముందు వచ్చింది, దాని వెనకే భయం వేసింది.

"పెద్దమ్మా, ఏంది గది?"

ఆమె తిరిగి చూసింది. దాచే ప్రయత్నం ఏమీ చేయలేదు. "సగం నాకు, సగం దానికి. మొదటి సీస నుంచి గంతే" అంది, మామూలు సంగతి చెప్తున్నట్టు.

ఎంత తిట్టానో ఆ రోజు. నీ పుండుకు లెక్కగట్టి ఇచ్చిన మందు నువ్వు సగమే వేసుకుంటే నీది మానదు, ఆమెది మానదు, రెంటికీ చెడతారు అన్నాను. తెలిస్తే నిన్ను తీసేస్తారు అన్నాను. ఆఖర్లో ఇస్తామన్న అసలు మందు కూడా పోతుంది అన్నాను. ఆమె మేక మెడ గోకుతూ అంతా విన్నది.

"ఒక్క ఇంటికి రెండు కాళ్లు చెడ్డయి. ఒక్క కాలుకు మందిచ్చి పొమ్మంటె ఎట్ల పోత బిడ్డా? దాన్ని జూసుకుంట నేనొక్కదాన్నే ఎట్ల సల్లుకుంట?"

"నువ్వామెతోని మాట్లాడవు గదా!"

"మాట్లాడ. జన్మల మాట్లాడ. గది వేరు, గిది వేరు."

ఈ సంగతి నేను పై వాళ్లకు చెప్పలేదు. చెప్పాలి, అది నా ఉద్యోగం. చెప్పనందుకు నాకు అప్పుడూ సిగ్గు లేదు, ఇప్పుడూ లేదు. ఇక మీద పంచనని ఆమెతో ఒట్టు వేయించుకున్నాను. ఆమె ప్రభువు మీద వేసింది. కాబట్టి మానేస్తుందని అనుకున్నాను.

తర్వాత కొద్దిరోజులకే హైదరాబాద్ నుంచి కంపెనీ పరిశీలకుడు వచ్చాడు. కుర్రవాడేమీ కాదు, తల నెరిసినవాడే. మర్యాదస్తుడు, అందరినీ "అమ్మగారూ" అనేవాడు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి మాట్లాడుతూ, ఆమె వంతు రాగానే అడిగాడు. "ఇంటికి ఇచ్చిన మందు అంతా మీరే వాడుతున్నారా అమ్మగారూ?"

నేను అతని వెనక నిలబడి కళ్లు పెద్దవి చేశాను. తల ఊపమని సైగ చేశాను. ఆమె నా వైపు చూడనే లేదు. కుర్చీలో నిటారుగా సర్దుకుంది. మంచి కబురు చెప్పబోతున్న మనిషి ముఖం అది.

"మొన్నటిదాంక నేను సగం, మా యారాలు సగం సార్. గీ బిడ్డ ఒద్దంటె బంద్ జేసిన. గని సార్, మీరు జర సోంచాయించుండ్రి. ఒక్క సీసతోని ఇద్దరి మీద పరీక్ష అయితుంది. మీకు లాభమే గదా? దానికి షుగర్ ఎక్కువున్నా కాలు మంచిగనే మానుతుంది. కావాల్నంటె పిలిపిస్త, చూసుకోండ్రి."

ఆయన కలం ఆగిపోయింది. ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. మెచ్చుకుంటాడనుకుంది! నిజంగానే, కంపెనీకి మేలు చేశాననుకుంది.

ఆమెను తీసేశారు. పరీక్ష పద్ధతి ఉల్లంఘించినందుకు ఇక మందు లేదు, ముగిశాక ఇచ్చేది కూడా లేదు. తెలిసీ చెప్పనందుకు నాకు మాత్రం ఒక హెచ్చరిక కాగితం ఇచ్చి వదిలేశారు. నేను ఫోన్ చేశాను, ఒకసారి కాదు. డాక్టరు గారిని బతిమాలాను. ఆయన, "మన చేతుల్లో లేదమ్మా" అని కళ్లజోడు తుడుచుకున్నారు. కంపెనీ ఆయన మాత్రం చాలా ఓపికగా మాట్లాడాడు. ఆ ఓపికకే నాకు ఎక్కువ మండింది.

"మేడం, ఇలాంటివి వదిలేస్తే డేటా పాడవుతుంది."

"డేటాను పక్కన పెట్టండి సార్, ఎవరు కాదన్నరు? ఆమె లెక్క తీసేసుకోండి. మందు ఎందుకు ఆపుతరు? డేటాకు కాలు లేదు. ఆమెకుంది."

"మీరు ఎమోషనల్ అవుతున్నారు మేడం."

అవుతున్నాను. కాలు కుళ్లుతున్న మనిషి గురించి మాట్లాడుతూ ఇంకేమవ్వాలి? ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది. ఫోన్ నాది కాబట్టి ఊరుకున్నాను.

ఆ మాట ఆమెకు చెప్పాల్సింది కూడా నేనే. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చెప్పాను. ఆమె ఏడవలేదు. ముందు అర్థం కాలేదు, తర్వాత కోపం వచ్చింది.

"దొంగతనం జేసిన్నా?"

"లేదు."

"అమ్ముకున్నా?"

"లేదు పెద్దమ్మా."

"మరింకేంది? నాకిచ్చిన సీసనే గదా. నా ముద్దల నుంచి తీసిచ్చిన. వాని ముద్దల చెయ్యి పెట్టిన్నా?" అని లేచి, కొంగు దులుపుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది. కుంటుతూనే చాలా వేగంగా నడిచింది. నేను వెనక నుంచి పిలిచినా ఆగలేదు.

కట్టు కోసం తర్వాత కూడా రమ్మన్నాను. కొన్నాళ్లు వచ్చింది. రాకపోకల బస్సు ఖర్చు అంతకుముందు పరీక్షవాళ్లు ఇచ్చేవారు, అది ఆగింది. పొద్దంతా ఆసుపత్రిలో కూర్చుంటే కార్ఖానాలో కూలి పోయేది. రావడం తగ్గింది. బురదలో కాలు నానడం పెరిగింది. వానాకాలం వచ్చేసరికి చీము ఎముకకు పట్టింది. హైదరాబాద్ తీసుకుపోయారు. మోకాలి కిందికి తీసేశారు.

నేను వార్డుకు వెళ్లినప్పుడు మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, పక్క మంచం ఆమెకు పరిచయం చేసింది. "మా తాండూర్ బిడ్డ. నన్ను మస్తు తిడ్తది" అంది. కాసేపు అవీ ఇవీ మాట్లాడింది. మేక ఈనిందంది. ఆ తర్వాత దుప్పటి వైపు చూస్తూ మామూలు గొంతుతోనే అంది.

"కోసేటప్పుడు ఏ రూలూ అడ్డం రాలే చూసినవా. షుగర్ ఎక్కువుందా తక్కువుందా, ఎవ్వలూ అడగలే."

నేను కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి చూస్తూ నిలబడ్డాను. ఆమె ముందు ఏడవకూడదనుకున్నాను. నా వల్ల కాలేదు.

పరీక్ష ముగిసింది. ఎవరికి ఏ సీసాలు పడ్డాయో చెప్పేశారు. ఉత్త గుండ్లు పడ్డవాళ్లను పిలిచి అసలు మందు ఇవ్వాలి, పిలవాల్సింది నేను. పేర్లు చూసుకుంటూ పోతున్నాను. వాటిలో ఆమె కూడా ఉంది. తీసేసిన మనిషి అని పక్కన గీత.

ఉత్త గుండ్లు. ఆమె సీసాల్లో మొదటి నుంచీ మందు లేదు. చేప జిగురు, అంతే. మడమ మీద చల్లుకున్నదీ ఉత్తదే, గోడ మీద పెట్టిందీ ఉత్తదే. ఆమె పంచుకున్నదాని వల్ల ఒక్క చుక్క మందు కూడా దారి తప్పలేదు. ఆమె పంచకపోయి ఉంటే, నోరు మూసుకుని కూర్చుని ఉంటే, వారం వారం కట్టూ బస్సు ఖర్చూ ఆగేవి కావు, ఆఖర్లో అసలు మందు ఆమెకు హక్కుగా వచ్చి ఉండేది. మందే లేని పొడిని పంచినందుకు మందు లేకుండా చేశారు. నేను ఆ గదిలో ఒక్కదాన్నే గట్టిగా తిట్టాను. ఎవర్ని తిట్టానో నాకే తెలియదు. నర్సు పరుగెత్తుకొచ్చింది.

ఆ రోజు మిగతా వాళ్లందరికీ నేనే ఫోన్లు చేశాను. కొందరికి బాగా మానింది కూడా. చెప్పాను కదా, మందు మంచిదే. ఆ నెలాఖరుకు ఉద్యోగం మానేశాను. ఆమెకు మాత్రం ఈ సంగతి చెప్పలేదు. పోయిన కాలు ఉత్తపుణ్యానికి పోయిందని చెప్పి, ఆమె మిగిలిన రోజులకు ఆ మంట కూడా కలపడం నాకు ఇష్టం లేకపోయింది. అప్పుడప్పుడు ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం. కట్టెకాలు పెట్టించుకోమంటే, "అది నేను చెప్పినట్టు వింటదా?" అనేది. మొన్న గుండె ఆగి పోయిందట.

ఫోన్ వచ్చిన రోజే వెళ్లాను. మట్టి ఇచ్చి అప్పుడే వచ్చారు. చర్చి వాళ్లు నలుగురు వాకిట్లో కూర్చున్నారు. చిన్నామె నన్ను చూసి లేచి, చెయ్యి పట్టుకుని, గోడకు అటువైపు తన ఇంట్లోకి తీసుకుపోయింది. చాప పరిచింది. తను నేల మీద కూర్చుని కాళ్లు చాపింది. బొటనవేలి కింద పుండు మాని, చర్మం ముడత పడి, చిన్న మచ్చ ఉంది. ఎందుకు మానిందో నాకు తెలుసు. పెద్దామె మేకకు చెప్పినట్టల్లా ఉప్పునీళ్లతో కడిగింది, మాత్రలు మరవలేదు, చేనికి పోలేదు. మొగుడూ కొడుకూ పనికి పోతే తను ఇంట్లో కాలు ఎత్తి పెట్టుకుంది. అది చాలు ఆ చిన్న పుండుకు.

ఆమె ఆ మచ్చనే చూపించింది.

"గిది జూడు బిడ్డా. గిది దాని మందు. నేను తినకుంటె దాని కాలు ఉంటుండె. దాని కాలు నేనే తిన్న."

"గట్ల అనకు చిన్నమ్మా."

"అనక ఏమనాలె? ఒద్దనలే నేను. ఒక్కనాడన్న ఒద్దనలే. పొట్లం పెట్టంగనే చెయ్యి జాపి తీసుకున్న. ఒక్క మంచి మాట గూడ అనలే. కోడికి చెప్పిన." రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "కాలు తీసి తెచ్చిన్నాడు గోడ కాడికొచ్చి నిలబడ్డ. పిలువనీకి నోరు రాలే. ఇయ్యాల అక్కా అంటున్న, ఎవలు వినాలె?"

నేను ఆమె చేతులు తీసి నా చేతుల్లోకి తీసుకున్నాను. ఎవరికి ఏ సీసా పడిందో బయటివాళ్లకు చెప్పకూడదన్న పద్ధతి ఉంది. ఉంటే ఉండనీ.

"చిన్నమ్మా, నేను చెప్పేది మంచిగ విను. ఆ సీసలల్ల మందే లేకుండె."

ఆమె చూసింది.

"కొందరికి మందున్నయి, కొందరికి ఉత్తయి ఇచ్చినం. పెద్దమ్మకు పడ్డయి ఉత్తయి. మొదటి నుంచి ఆఖరుదాంక ఉత్తయే. నువ్వు తీసుకున్న దాంట్ల ఏం లేదు. నువ్వు ఆమె నుంచి ఏం గుంజుకోలే. మీ అక్క కాలు నీ వల్ల పోలే."

"ఉత్త రవ్వనా?"

"ఉత్త రవ్వనే."

"దేవుని తోడు?"

"దేవుని తోడు చిన్నమ్మా."

ఆమె ఊపిరి గట్టిగా తీసుకుని వదిలింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది, ముక్కు తుడుచుకుంది. భుజాలు కొంచెం కిందికి దిగాయి. ఆ ఒక్క మాట చెప్పడానికైనా వచ్చాను, మంచిదైంది అనుకున్నాను. లేవబోయాను. ఆమె నా చెయ్యి వదల్లేదు. నొసలు ముడేసి నేల వైపు చూస్తోంది. ఏదో లెక్క కుదరని మనిషిలా ఉంది.

"అండ్ల మందే లేకుంటె, మరి దాన్నెందుకు తీసేసిన్రు బిడ్డా?"

నేను నోరు తెరిచాను. పద్ధతి, ఉల్లంఘన, డేటా, ఆ మాటలన్నీ నాకు వచ్చు.

ఆమె నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది.